గేటు దాకా వెళ్లి వెనక్కి: గాయపడిన మాజీ సైనికుడు, ఉచిత పార్కు పాస్, ఒక ఏడాది కేసు

రిఫరల్ కాగితంలో ఒక్కటే వాక్యం ఉంది: "కమ్యూనిటీలోకి తిరిగి వెళ్లడానికి సాయం అవసరం." ఇలాంటి వాక్యం చూస్తే నాకు ముందు చిరాకే వస్తుంది. ఏ కమ్యూనిటీ, ఎక్కడికి, ఎవరితో అన్నది ఎవరూ రాయరు. రాయకపోతే అది కనుక్కోవడమే మన మొదటి పని అవుతుంది.

నేను అమెరికాలోని వర్జీనియాలో ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని, అంటే గాయం, జబ్బు తర్వాత రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాయం చేయడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో మాజీ సైనికులు చాలామంది ఉంటారు. ఈ కేసులోని ఆయన్ని ఇక్కడ సార్జెంట్ అంటాను. ఎవరో గుర్తుపట్టకుండా వయసు, కుటుంబం, తేదీల వివరాలు కొన్ని మార్చాను. ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

సార్జెంట్‌కి 38 ఏళ్లు. 2011లో ఆఫ్ఘనిస్తాన్‌లోని కాందహార్ ప్రాంతంలో కాలినడకన గస్తీ తిరుగుతుండగా, రోడ్డు కింద కల్వర్టులో పెట్టిన ఐఈడీ, అంటే నాటుగా చేసిన బాంబు, పేలింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. తలకి తగిలిన దెబ్బ బయటికి కనిపించేది కాదు. కానీ వెలుగులో నుంచి చీకట్లోకి, చీకట్లో నుంచి వెలుగులోకి వెళ్తే తలనొప్పి పట్టుకుంటుంది. పీటీఎస్‌డీ, అంటే భయంకరమైన అనుభవం తర్వాత మనసుని వదలని ఒత్తిడి జబ్బు, నిర్ధారణ అయింది. మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, శాఖని ఇక్కడ అందరూ వీఏ అంటారు. ఆ వీఏ ఇచ్చిన వైకల్య రేటింగ్ 80 శాతం. భార్య షిఫ్టుల ఉద్యోగం చేస్తుంది. ఎనిమిదేళ్ల కొడుకు ఉన్నాడు. 2023 మార్చిలో మొదటిసారి కలిశాను.

కాలు బాగానే పని చేస్తోంది. ఇంట్లో, ఆఫీసులో, సూపర్ మార్కెట్లో చక్కగా నడుస్తాడు. ఆయన్ని చూసి కృత్రిమ కాలని చెప్పలేం, అదీ ప్యాంటు వేసుకుంటేనే. వేసవిలో కూడా ప్యాంటే వేసుకునేవాడు.

మా వృత్తిలో సీఓపీఎం అని ఒక ఇంటర్వ్యూ పద్ధతి ఉంది. మీకు ముఖ్యమైన పని ఏది, దాన్ని ఇప్పుడు ఎంత బాగా చేస్తున్నారు, ఎంత తృప్తిగా ఉన్నారు అని అడిగి, ఒకటి నుంచి పది దాకా మార్కులు ఆయన్నే వేయమంటాం. సార్జెంట్ మొదటి జవాబు "నిద్ర". రెండోది చెప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. చివరికి "మావాణ్ణి అడవిలోకి తీసుకెళ్లడం" అన్నాడు. ముఖ్యత్వం పది. ఇప్పుడు చేస్తున్నది రెండు. తృప్తి ఒకటి.

సైన్యంలోకి వెళ్లకముందు వాళ్ల నాన్న ఆయన్ని షెనండోవా నేషనల్ పార్కుకి తీసుకెళ్లేవాడట. బ్లూ రిడ్జ్ కొండల మీద 105 మైళ్ల స్కైలైన్ డ్రైవ్ పొడవునా సాగే పార్కు అది. మా క్లినిక్ నుంచి గంటన్నర దూరం. "మరి ఎందుకు వెళ్లట్లేదు?" అని అడిగితే ఆయన కాలు వైపు చూపించలేదు. "ఒకసారి వెళ్లాం" అని ఊరుకున్నాడు.

ఆ ఊరుకోవడానికి అర్థం వాళ్లింటికి వెళ్లినప్పుడు తెలిసింది. ఫ్రిజ్ మీద, పిల్లాడి స్కూలు క్యాలెండర్ పక్కన, అయస్కాంతం కింద ఒక పార్కు వార్షిక పాస్ ఉంది. గడువు అయిపోయి ఏడాది దాటింది. "ఇది కొని ఒక్కసారి వెళ్లాం. సగం దారిలో వెనక్కి వచ్చేశాం. ఇక ఆ ఏడాదంతా ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా అది నన్నే చూసేది" అన్నాడు. అక్కడి నుంచి తీసెయ్యమని భార్య చాలాసార్లు చెప్పిందట. తీయలేదు.

ఈ కేసులో నేను నేర్చుకున్నదంతా ఆ కార్డు చుట్టూనే తిరుగుతుంది.

పాస్‌ల గొడవ

గాయపడిన మాజీ సైనికులకి ఫెడరల్ పార్కుల్లో ఉచిత ప్రవేశం రెండు దారుల్లో దొరుకుతుంది. ఈ రెండింటినీ కలగాపులగం చేసేవాళ్లే ఎక్కువ. అందులో నేనూ ఉన్నాను.

మొదటిది యాక్సెస్ పాస్. శాశ్వత వైకల్యం ఉన్న అమెరికా పౌరులకి, శాశ్వత నివాసులకి జీవితాంతం చెల్లుతుంది. సైనికులే అయి ఉండక్కర్లేదు. 1980 నుంచి గోల్డెన్ యాక్సెస్ పాస్‌పోర్ట్ అని ఉండేది. 2004లో వచ్చిన ఫెడరల్ ల్యాండ్స్ రిక్రియేషన్ ఎన్‌హాన్స్‌మెంట్ యాక్ట్ తర్వాత అది ఇప్పటి పాస్‌గా మారింది. రెండోది మిలిటరీ పాస్. 2012లో సర్వీసులో ఉన్నవాళ్లకి ఏడాది పాస్‌గా మొదలైంది. 2020 నవంబర్ 11న, అంటే వెటరన్స్ డే నాడు, మాజీ సైనికులందరికీ ఉచిత ప్రవేశం ఇచ్చారు. 2021 డిసెంబర్‌లో అలెగ్జాండర్ లాఫ్‌గ్రెన్ పేరిట ఉన్న చట్టం దాన్ని శాశ్వతం చేసింది. లాఫ్‌గ్రెన్ సైన్యంలో పనిచేసి వచ్చిన యువకుడు. అదే ఏడాది ఏప్రిల్‌లో డెత్ వ్యాలీ పార్కులో చనిపోయాడు. 2022 నవంబర్ 11 నుంచి మాజీ సైనికులకి జీవితకాల కార్డే ఇస్తున్నారు.

రెండు కార్డులూ ఒకే కుటుంబంలోవి. నేషనల్ పార్క్ సర్వీస్, ఫారెస్ట్ సర్వీస్, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ లాంటి ఆరు సంస్థల కింద ఉన్న రెండు వేలకి పైగా ప్రదేశాల్లో చెల్లుతాయి. బండికి లెక్కన వసూలు చేసే చోట బండిలో ఉన్నవాళ్లంతా లోపలికి వెళ్లొచ్చు. మనిషికి లెక్కన తీసుకునే చోట కార్డున్నవాళ్లతో పాటు ఇంకో ముగ్గురు పెద్దవాళ్లు వెళ్లొచ్చు. పదహారేళ్ల లోపు పిల్లలకి ఎలాగూ టికెట్ లేదు.

తేడా ఎక్కడంటే, యాక్సెస్ పాస్‌కి చాలాచోట్ల క్యాంపింగ్ ఫీజు సగమే. మిలిటరీ పాస్‌కి ఆ తగ్గింపు లేదు. గాయపడిన సైనికుడికి రెండూ తీసుకునే అర్హత ఉంటుంది. కానీ మిలిటరీ పాస్ చేతికి వచ్చాక "నాకు పాస్ ఉంది కదా" అని యాక్సెస్ పాస్ జోలికి వెళ్లరు. నా దగ్గరికి వచ్చిన మాజీ సైనికుల్లో క్యాంపింగ్‌కి పూర్తి ఫీజు కట్టినవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

ఇంకో అపోహ, యాక్సెస్ పాస్‌కి వంద శాతం వైకల్యం ఉండాలని. అక్కర్లేదు. శాతంతో పనే లేదు. వైకల్యం శాశ్వతమైనదా, రోజువారీ ముఖ్యమైన పనులకి గట్టిగా అడ్డుపడుతోందా, అంతే. శాతాల గొడవ రాష్ట్రాల పార్కుల్లో మొదలవుతుంది. అక్కడ ఫెడరల్ కార్డు చెల్లదు, ఏ రాష్ట్రం రూలు దానిది. మా వర్జీనియా స్టేట్ పార్కుల ఉచిత పాస్‌కి సర్వీసు వల్ల వచ్చిన వైకల్యం వంద శాతం ఉండాలి. టెక్సస్‌లో 60 శాతం చాలు, లేదా కాలు పోయినా చాలు. కాలిఫోర్నియాలో అక్కడి నివాసులకి 50, వాషింగ్టన్ రాష్ట్రంలో 30. అంటే సార్జెంట్ సొంత రాష్ట్రంలో ఉచితం కాదు, ఇంకో రాష్ట్రంలో నివాసం ఉండి ఉంటే అయ్యేది. ఇది ఆయనకి చెప్పినప్పుడు మొదటిసారి గట్టిగా నవ్వాడు. "కాలు అదే, మ్యాప్ మారింది" అన్నాడు.

నేను చేసిన మొదటి పొరపాటు ఇక్కడే. యాక్సెస్ పాస్ కోసం నా లెటర్‌హెడ్ మీద నేనే ఉత్తరం రాసిచ్చాను. పాస్ ఇచ్చే చోట ఒకాయన దాన్ని మర్యాదగా వెనక్కి ఇచ్చేశాడు. తప్పు ఆయనది కాదు. లైసెన్సున్న డాక్టర్ సంతకం ఉండాలి, వైకల్యం శాశ్వతమని, ఏ పనులకి అడ్డం వస్తోందో స్పష్టంగా రాసి ఉండాలి. లేదంటే వైకల్య పరిహారం వస్తున్నట్టు వీఏ ఇచ్చిన పత్రం చాలు. ఆ పత్రం సార్జెంట్ ఇంట్లో సొరుగులోనే ఉంది. ముందే అడిగి ఉంటే ఆయనకి ఒక రోజు మిగిలేది. తిరిగి వస్తూ కారులో ఆయన ఒక్క మాట మాట్లాడలేదని భార్య తర్వాత ఫోన్లో చెప్పింది. ఏళ్ల తరబడి ఆఫీసుల్లో కాగితాలు చూపించి "ఇది కాదు, ఇంకోటి" అనిపించుకున్న మనిషికి అది చిన్న విషయం కాదు.

దాని ఫలితం ఏమిటంటే, మళ్లీ వీఏ పత్రం తీసుకుని వెళ్లమంటే ఆయన ఒప్పుకోలేదు. "మిలిటరీ పాస్ తీసుకుంటాను. దానికి నా ఐడీ చాలు. నేను ఏం చేశానో చూపిస్తాను, నాకు ఏం పోయిందో చూపించను" అన్నాడు. వాదించాలనిపించింది. క్యాంపింగ్ తగ్గింపు లెక్కలన్నీ నోటి చివర ఉన్నాయి. వాదించలేదు. ఆ రోజు ఆయన ఏ కార్డు తీసుకున్నా గేటు దాటుతాడు, నాకు కావాల్సింది అదే. డ్రైవింగ్ లైసెన్సు మీద వెటరన్ అని ముద్ర ఉంటే చాలు, అది చూపించి కార్డు తీసుకున్నాడు.

ముప్పై డాలర్ల సంగతి

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, ఆయనకి డబ్బు ఇబ్బందా అని. కాదు. పరిహారం వస్తుంది, ఉద్యోగం ఉంది, భార్య సంపాదిస్తోంది. అప్పట్లో షెనండోవాలో బండికి 30 డాలర్లు, అది ఏడు రోజులు చెల్లుతుంది. ఆయన కట్టలేని మొత్తం కాదు. అందుకే ఉచిత పాస్ వల్ల ఏదో మారుతుందని మొదట్లో నేను అనుకోలేదు. ఇప్పిస్తే ఒక పని అయిపోయినట్టు టిక్ పెట్టుకునే విషయంగానే చూశాను.

మా ప్లాన్ గ్రేడెడ్ ఎక్స్‌పోజర్. అంటే భయపెట్టే చోటికి కొంచెం కొంచెంగా వెళ్లడం, ఉండగలిగినంత సేపు ఉండటం, తర్వాతిసారి ఇంకాస్త. పీటీఎస్‌డీ చికిత్స చూస్తున్న సైకాలజిస్ట్‌తో మాట్లాడుకునే మొదలుపెట్టాం. ఒక చిన్న నోట్‌బుక్ ఇచ్చాను. నాలుగు గడులు: తేదీ, ఎక్కడిదాకా, ఎంతసేపు, ఎందుకు వెనక్కి వచ్చారు. నాలుగో గడి పెట్టడం ఆయనకి నచ్చలేదు. "అంటే వెనక్కి వస్తానని ముందే రాసిపెట్టుకున్నారా?" అన్నాడు. అవునన్నాను.

మేం వెళ్లాల్సింది లింబర్‌లాస్ట్ ట్రెయిల్‌కి. స్కైలైన్ డ్రైవ్‌లో 43వ మైలు దగ్గర ఉంటుంది. చుట్టు తిరిగి వస్తే 1.3 మైళ్లు. వీల్‌చెయిర్ వెళ్లేలా గ్రీన్‌స్టోన్ రాయిని నలగ్గొట్టి గట్టిగా పరిచిన దారి. ఒకచోట చెక్క వంతెన, ఒకచోట చెక్కబాట, కూర్చోవడానికి బెంచీలు. కాగితం మీద ఇంతకంటే మంచి దారి దొరకదు. థార్న్‌టన్ గ్యాప్ గేటు దగ్గర ఎక్కితే పదకొండున్నర మైళ్లు. చాలా దగ్గర.

ఆ పదకొండున్నర మైళ్లలో ఏముందో నేను చూసుకోలేదు. గేటు దాటిన మైలు లోపే మేరీస్ రాక్ సొరంగం ఉంటుంది. కొండని తొలిచి రోడ్డు వేశారు, 600 అడుగుల పైచిలుకు పొడవు. నేను ఎన్నోసార్లు అందులో నుంచి వెళ్లాను, హారన్ కొట్టి ప్రతిధ్వని విన్నాను. కల్వర్టులో పేలుడు చూసిన మనిషికి, వెలుగు చీకటి మారితే తలనొప్పి వచ్చే మనిషికి అది ఏమిటో నాకు తట్టలేదు.

2023 మే నెలలో ఒక శనివారం వెళ్లారు. గేటు దగ్గర రేంజర్ కార్డు చూసి "థాంక్స్ ఫర్ యువర్ సర్వీస్" అంది. వెనక సీట్లో పిల్లాడు మ్యాప్ అడిగి తీసుకున్నాడు. మలుపు తిరిగాక సొరంగం నోరు కనిపించింది. సార్జెంట్ అప్పటికే స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడని భార్య చెప్పింది. బండి వెనక్కి తిప్పి, గేటు పక్కన ఉన్న పార్కింగ్‌లో ఆపి, ఇంజన్ ఆఫ్ చేసి పావుగంట కూర్చున్నాడు. పిల్లాడు ఏమీ అడగలేదు. మ్యాప్ మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడట. తర్వాత ఇంటికి బయలుదేరారు.

నేను సోమవారం ఫోన్ చేశాను, క్షమాపణ చెప్పడానికి. నిజానికి చాలా టెన్షన్ పడ్డాను. కేసు ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆయన గొంతు మామూలుగానే ఉంది. "వెళ్లిన రోజు వెనక్కి తిరిగేటప్పుడు మా ఆవిడ ఏమందో తెలుసా? పోనీలే, మనదేం పోయింది అంది" అన్నాడు. కాసేపాగి, "పోయినసారి అలా అనలేకపోయింది" అన్నాడు.

పోయినసారి అంటే ఆ ఫ్రిజ్ మీద కార్డు సంవత్సరం. డబ్బు పెట్టి కొన్నాం కాబట్టి పూర్తిగా తిరిగి రావాలి, పొద్దున్నే వెళ్లాలి, భోజనం కట్టుకుని వెళ్లాలి, సాయంత్రం దాకా ఉండాలి. సగంలో వచ్చేస్తే ఆ రోజు పాడైనట్టు. వార్షిక పాస్ ఉంటే ఒక్కో ట్రిప్పుకి విడిగా ఖర్చు లేదు కదా అని లెక్కలు చెప్పొచ్చు. లెక్క సరైనదే. కానీ ఆ పాస్ కొనడమే ఒక మాట ఇచ్చినట్టు: ఈ ఏడాది మనం వెళ్తాం అని. వెళ్లకపోతే మాట తప్పినట్టు. ఉచిత కార్డుకి అలాంటి మాట ఏదీ ఉండదు. పర్సులో పడి ఉంటుంది, గడువు లేదు, దాన్ని "వసూలు" చేసుకోవాల్సిన పని లేదు.

గ్రేడెడ్ ఎక్స్‌పోజర్‌లో అన్నిటికంటే కష్టమైనది వెనక్కి తిరగడాన్ని ఓటమి కాకుండా చేయడం. మామూలుగా దాని కోసం నాలుగైదు సెషన్లు మాటల్లోనే గడుస్తాయి. ఇక్కడ ఆ పని చాలావరకు గేటు దగ్గర డబ్బు తీసుకోకపోవడమే చేసేసింది. పాస్ విలువ 30 డాలర్లు కాదు, పది నిమిషాల్లో వెనక్కి రాగల వీలు.

నోట్‌బుక్‌లో మొదటి ఎంట్రీ: గేటు దాకా. ముప్పై నిమిషాలు. కారణం: సొరంగం.

అక్కడి నుంచి

రెండోసారి దారి మార్చాం. దక్షిణం నుంచి, స్విఫ్ట్ రన్ గ్యాప్ గేటు గుండా. అటు సొరంగం లేదు, కానీ 43వ మైలుకి రావాలంటే 22 మైళ్లకి పైనే నడపాలి. స్కైలైన్ డ్రైవ్‌లో వేగ పరిమితి గంటకి 35 మైళ్లు. మలుపులు, ఎదురుగా జింకలు. నలభై నిమిషాలు దాటుతుంది. అయినా మంచిదే అయింది, ఆ నిదానం ఆయనకి పడింది. దారిలో వ్యూ పాయింట్లలో రెండుచోట్ల ఆగి, ట్రెయిల్ మొదట్లో వంద గజాలు నడిచి, కూర్చుని, వచ్చేశారు. కారణం: జనం.

మూడోసారి నేనూ వెళ్లాను, వారం మధ్యలో. చెప్పుకోవాల్సింది ఇక్కడ కాలి సంగతి.

మోకాలి కింద తీసేసిన కాలికి కృత్రిమ కాలు పెడితే, మిగిలిన భాగం, మేం స్టంప్ అంటాం, సాకెట్ అనే గట్టి తొడుగులో కూర్చుంటుంది. మధ్యలో సిలికాన్ లైనర్, దాని మీద మందం కోసం సాక్సులు. నడిచేకొద్దీ స్టంప్ కొంచెం సన్నబడుతుంది. పొద్దున బిగుతుగా ఉన్న సాకెట్ మధ్యాహ్నానికి వదులవుతుంది. అప్పుడు ఇంకో పొర సాక్సు వేయాలి. వేయకపోతే ఎముక కింద కొసన రాసుకుని చర్మం కందిపోతుంది. చెమట పడితే లైనర్ జారుతుంది. చదునైన ఆఫీసు నేల మీద ఇవేవీ తెలియవు. కొండ దారిలో ఎక్కడం కంటే దిగడం కష్టం, ఎందుకంటే కృత్రిమ పాదం నేల వాలుని బట్టి మన చీలమండలా వంగదు. మోకాలే మొత్తం ఆపుకోవాలి.

లింబర్‌లాస్ట్ దారి చదునుకి దగ్గరగా ఉంటుంది కానీ పూర్తి చదును కాదు. ఆయన మొదటి ఐదు నిమిషాలు నేలనే చూస్తూ నడిచాడు. నేను కాలు కోసం అనుకున్నాను. కాదట. రాళ్ల పొడిలో రంగు మారిన చోటు, తవ్వి మళ్లీ కప్పినట్టున్న చోటు, ఎండుటాకుల కుప్ప. "ఇక్కడ ఏమీ లేదని తెలుసు. కళ్లకి తెలియదు" అన్నాడు. ఈ రెండూ కలిసే సమస్య. తల ఎత్తకుండా నడిస్తే నడుము, మోకాలు దెబ్బతింటాయి. తల ఎత్తితే భయం.

అప్పుడు చేసింది చాలా చిన్న పని. బెంచీ నుంచి బెంచీకి నడవడం. బెంచీ దాకా నేల చూడొచ్చు. బెంచీ దగ్గర కూర్చుని, సాక్సు సరిచేసుకుంటూ, మూడు నిమిషాలు పైకే చూడాలి. ఒకప్పుడు అక్కడ పెద్ద హెమ్లాక్ చెట్లు ఉండేవి. బయటి నుంచి వచ్చిన ఒక చిన్న పురుగు వాటిని పీల్చి చంపేసింది. ఇప్పుడు మోడులు, కింద పడ్డ మొద్దులు, వాటి మధ్యలో కొత్త చెట్లు. నాలుగో బెంచీ దగ్గర ఆయన లైనర్ తీసి, తుడిచి, స్టంప్ చూసుకున్నాడు. నిక్కరు వేసుకుని వచ్చాడు ఆ రోజు. ఎదురుగా ఒక పెద్దావిడ మనవరాలితో వస్తోంది. ఆ పిల్ల ఆగి చూసింది. నేను బిగుసుకుపోయాను. ఆయన మాత్రం సాక్సు పైకి పట్టుకుని "ఇది రెండోది, ఇంకో రెండు ఉన్నాయి" అని ఆ పిల్లకి చూపించాడు. అంతే, వాళ్లు వెళ్లిపోయారు.

చర్మం మీద ఎర్రటి మచ్చ ఉంది. పది నిమిషాలు ఆగి చూస్తే తగ్గలేదు. కాబట్టి ఆ రోజుకి ఆపేశాం, చుట్టు పూర్తి చేయకుండా. ఎరుపు త్వరగా తగ్గకపోతే ఇంకో పావు మైలు కూడా నడవకూడదు. నడిస్తే వారం పాటు కాలు తీసి పక్కన పెట్టాలి, అంటే ఉద్యోగానికి క్రచెస్ మీద వెళ్లాలి. ఇక్కడ కూడా అదే మాట: ఇంతదూరం వచ్చాం కదా అనిపించలేదు ఆయనకి. "మళ్లీ గురువారం వద్దాం" అన్నాడు. కృత్రిమ కాలు తయారుచేసే ప్రొస్థెటిస్ట్‌కి ఫొటో పంపాం. జులైలో కొత్త సాకెట్ వచ్చింది.

ఆగస్టులో చుట్టు మొత్తం పూర్తయింది, పిల్లాడితో. ఫొటోలు పంపలేదు. నోట్‌బుక్‌లో "1.3" అని రాసి కింద గీత గీశాడు. నాలుగో గడి ఖాళీ.

సొరంగం సెప్టెంబర్ చివరిలో. సైకాలజిస్ట్‌తో విడిగా చాలా పని జరిగింది దాని మీద, అది నా పరిధి కాదు కాబట్టి ఇక్కడ రాయను. నా వైపు నుంచి చేసినవి రెండే: ముందుగానే రంగు కళ్లద్దాలు తీసెయ్యడం, మొదటిసారి భార్య నడపడం. అటు చివర వెలుగు కనిపించే సొరంగమే అది, అందువల్ల కొంత నయం. దాటగానే ఉన్న పార్కింగ్‌లో ఆగి, అదే రోజు మళ్లీ వెనక్కి ఒకసారి దాటారు. గేటు బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లారు కూడా. గేటులో ఉన్నాయన రెండోసారి కార్డు చూసి "ఏదైనా మర్చిపోయారా?" అని అడిగాడట.

రెండో కార్డు

అక్టోబర్‌లో పిల్లాడు క్యాంపింగ్ అడిగాడు. బిగ్ మెడోస్ క్యాంప్‌గ్రౌండ్, 51వ మైలు దగ్గర. సార్జెంట్ నాకు ఫోన్ చేసి, చాలా మామూలుగా, "ఆ ఇంకో కార్డుకి ఏ కాగితం కావాలన్నారు?" అని అడిగాడు. నేనేమీ అనకుండా వీఏ పత్రం పేరు చెప్పాను. ఆ వారాంతమే వెళ్లి తెచ్చుకున్నాడు. అప్పట్లో నేరుగా వెళ్తే ఉచితం, ఆన్‌లైన్లోనో పోస్టులోనో అయితే పది డాలర్ల ప్రాసెసింగ్ ఫీజు ఉండేది. ఆన్‌లైన్ బుకింగ్‌లో పాస్ నంబర్ వేస్తే క్యాంపింగ్ సగానికి తగ్గింది.

ఏది మారిందో నేను అడగలేదు. నిక్కరు వేసుకోవడం మొదలుపెట్టిన మనిషికి ఆ కార్డు మీద ఏం రాసి ఉన్నా పెద్దగా పట్టింపు లేకపోయి ఉండొచ్చు. లేదా తగ్గింపు కోసమే కావచ్చు. తోటి థెరపిస్టులకి ఒక మాట: ఏ కార్డు ముందు అన్నది వాళ్ల నిర్ణయంగానే వదిలేయండి. మొదట్లో నేను ఒత్తిడి చేసి ఉంటే రెండూ ఉండేవి కావనే అనుకుంటున్నాను.

క్యాంపింగ్ సగమే బాగా జరిగింది. పగలు బాగానే ఉంది. రాత్రి డేరా జిప్ చప్పుడికి, పక్క సైటులో కారు డోరు మూసినప్పుడు లేచి కూర్చున్నాడు. రెండింటికి వెళ్లి కారులో పడుకున్నాడు. తెల్లారి పిల్లాడు కారు అద్దం మీద కొట్టి లేపాడు. రెండో రాత్రి ఉండలేదు.

లెక్క చూస్తే

ఏడాదిలో పద్నాలుగు ట్రిప్పులు. అందులో ఐదు ట్రిప్పులు గంట కూడా సాగలేదు. రెండుసార్లు గేటు దగ్గరి నుంచే తిరిగి వచ్చారు. 2024 ఏప్రిల్‌లో మళ్లీ సీఓపీఎం మార్కులు అడిగాను. అడవికి తీసుకెళ్లడంలో చేస్తున్నది రెండు నుంచి ఆరుకి, తృప్తి ఒకటి నుంచి ఏడుకి వచ్చాయి. ఈ పద్ధతిలో రెండు మార్కుల తేడా ఉంటేనే నిజమైన మార్పుగా లెక్కేస్తాం, కాబట్టి ఇది బాగానే ఉన్నట్టు. నిద్ర మార్కు మారలేదు. మొదట చెప్పిన సమస్య అదే, దానికి ఈ పార్కు ఏమీ చేయలేకపోయింది.

ఇదంతా పాస్ వల్లే అని నేను అనను. కొత్త సాకెట్ మధ్యలో వచ్చింది. సైకాలజిస్ట్ పని ఉంది. మందు డోసు ఒకసారి మారింది. భార్య షిఫ్టు పగటికి మారడం కూడా కలిసొచ్చింది, నన్నడిగితే అదే పెద్ద కారణాల్లో ఒకటి. ఒక్క మనిషి కథలో వీటిని విడదీయలేం. పాస్ చేసిందని నేను కచ్చితంగా చెప్పగలిగేది ఆ ఐదు చిన్న ట్రిప్పులు, రెండు గేటు ట్రిప్పులు. డబ్బు పెట్టి ఉంటే అవి జరిగేవి కావు, జరిగినా అలా ముగిసేవి కావు. మిగతావి వాటి మీద కట్టుకున్నవే.

మళ్లీ చేస్తే ముందు దారి మొత్తం నేనే నడిపి చూస్తాను, సైనికుడి కళ్లతో: సొరంగం, వంతెన, మలుపు, రద్దీ ఎప్పుడు. వీఏ పత్రం మొదటి రోజే ఫైల్లో పెట్టుకుంటాను. కొన్ని పార్కుల్లో రద్దీ కాలంలో ప్రవేశానికి ముందే సమయం బుక్ చేసుకోవాలి, ఉచిత పాస్ ఉన్నా ఆ బుకింగ్ తప్పదు. షెనండోవాలోనే ఓల్డ్ రాగ్ కొండకి 2022లో అలాంటి టికెట్ పెట్టారు. బుకింగ్ అంటే మళ్లీ ముందుగా మాట ఇచ్చినట్టే, ఎంత తక్కువ డబ్బైనా. ఇలాంటి పేషెంట్లకి మొదటి ఆరు నెలలు ఆ చోట్లు పెట్టను. నేషనల్ పార్క్ సర్వీస్ కింద 400కి పైగా ప్రదేశాలు ఉంటే అందులో చాలావాటికి అసలు ప్రవేశ రుసుమే లేదు. ఇంటి దగ్గర అలాంటిది ఉంటే పాస్ కాగితాలు వచ్చేదాకా అక్కడ మొదలుపెట్టొచ్చు. ఇది నాకు ఆలస్యంగా తట్టింది.

మే నెలలో కేసు మూసేటప్పుడు నోట్‌బుక్ వెనక్కి ఇచ్చేయబోయాడు, ఉంచుకోమన్నాను. ఒకసారి చూస్తానని తీసుకుని నాలుగో గడి మాత్రం పై నుంచి కిందికి చదివాను. సొరంగం. జనం. ఎరుపు. వాన. తలనొప్పి. కొన్ని ఖాళీలు. డేరా. చివరి ఎంట్రీ అంతకుముందు ఆదివారం, ఒక్కడే వెళ్లాడు, ఇరవై నిమిషాలు. కారణం: బోర్ కొట్టింది.